1987లో కట్టిన వంటిల్లు: కడప బండలు తీసేయాలా, ఉంచాలా?

కడప కోడలు
అందరికీ నమస్కారం. మాది కడప. మా మామయ్య 1987లో కట్టించిన ఇల్లు. ఇప్పటిదాకా వంటింటి జోలికి ఎవరూ పోలేదు. ఈ ఏడాది బాగు చేయిద్దామనుకుంటున్నాం, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావడం లేదు.

గది 8 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. తూర్పు గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరి దాకా గట్టు. గట్టూ, దాని కింద అరలూ, గోడ అలమరలో అరలూ అన్నీ నల్ల బండలే. గట్టు ఎత్తు టేపు పెట్టి కొలిస్తే 30 అంగుళాలు వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. పొద్దున గిన్నెలు తోమి, కూరగాయలు తరిగేసరికి నడుము పట్టేస్తోంది. గది మొత్తానికి ఉన్నది ఒక ప్లగ్గు. మిక్సీ వేయాలంటే ఇండక్షన్ స్టవ్ ఆపాలి. తాలింపు వేస్తే ఘాటు హాల్లోకి వస్తుంది. సింకు పక్క గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది.

మాడ్యులర్ కిచెన్ చేసే ఒకాయన్ను పిలిచాం. అరగంటలో కొలతలు తీసుకుని, బండలన్నీ పగలగొట్టి మొత్తం కొత్తగా చేయాలని 4 లక్షల 80 వేలకు కొటేషన్ ఇచ్చారు. మా దగ్గరున్నది మూడున్నర లక్షలు. అత్తమ్మ మాత్రం "ఆ బండలు మీ మామ ఎర్రగుంట్లకు పోయి, ఒక్కొక్కటి తట్టి చూసి ట్రాక్టరుకు ఎత్తించినాడు" అన్నారు. అంతే. ఆ తర్వాత మళ్లీ ఆ సంగతే ఎత్తలేదు.

ఆమెను బాధపెట్టి చేయడం నాకు ఇష్టం లేదు. అలాగని ఈ నడుంనొప్పితో ఇంకో పదేళ్లు గడపలేను. బండలు ఉంచి బాగు చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బేతంచెర్ల బండ
అమ్మా, సుత్తి పట్టకముందే అడిగారు, మంచిపని చేశారు. మా నాన్న బండల పాలీషు పని చేసేవారు. నేను ఆ మిషన్ల చప్పుడులోనే పెరిగాను.

ఊరు దాటితే దీన్ని కడప స్టోన్ అని అడిగి మరీ కొంటారు. మన దగ్గర ఇంటింటా ఉంది కాబట్టి చులకన. ఇది సున్నపురాయి. నార్జి అనే ఊరి పేరు మీదే దీన్ని నార్జి సున్నపురాయి అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలుస్తారు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఈ సున్నపురాయి కోసమే.

సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, టమాటా, వెనిగర్ ఏది పడినా అక్కడ పాలీషు తినేసి తెల్లగా, గరుకుగా మచ్చ మిగులుతుంది. మీ గట్టు మీద తరిగే చోట మచ్చలుంటే కారణం అదే. ఎంత తోమినా పోవు, ఎందుకంటే అది మురికి కాదు, రాయే అక్కడ కొంచెం కరిగింది. అదే అరల్లో అయితే పులుపు పడేది లేదు. డబ్బాల కింద బండ వందేళ్లయినా ఉంటుంది. చెద పట్టదు, తేమకు ఉబ్బదు, బియ్యం మూట పెట్టినా వంగదు.

నా మాట ఏంటంటే, అరలు కదిలించొద్దు. సింకు, తరిగే చోటు ఉన్న భాగం వరకే పైబండ తీసి గ్రానైట్ వేయించుకోండి. గ్రానైట్ అని చెప్పి వేరే రాయి అంటగడతారేమోనన్న అనుమానం ఉంటే, ఒక ముక్క మీద నిమ్మకాయ పిండి పది నిమిషాలు ఆగండి. మచ్చ పడితే అది గ్రానైట్ కాదు.

ఇంకొకటి, ప్రతి బండనూ స్పానరుతో మెల్లగా తట్టి చూడండి. ఖంగుమంటే గట్టిది. మొద్దుగా మోగితే లోపల పొర లేచినట్టు. అలాంటిది మాత్రం మార్చాల్సిందే.

అనంత గృహిణి
నేను ఒప్పుకోను. బండల అరలు చూడటానికి బాగుంటాయి, తుడిచేవాళ్లకు తెలుస్తుంది బాధ. మా అనంతపురంలో గాలి లేస్తే ఎర్ర దుమ్ము ఇంట్లో ప్రతి డబ్బా మీదా పేరుకుంటుంది. రెండు అడుగుల లోతు అరలో వెనక డబ్బా తీయాలంటే ముందున్న ఆరు డబ్బాలు దించాలి. మోకాళ్ల మీద కూర్చుని తలకాయ లోపల పెట్టాలి. నేను ఇరవై రెండేళ్లు అలా చేశాను. నాలుగేళ్ల క్రితం మొత్తం తీయించి డ్రాయర్లు పెట్టించుకున్నాను. ఇప్పుడు లాగితే పప్పుల డబ్బాలన్నీ కళ్ల ముందు ఉంటాయి. ఆ సుఖం బండల్లో లేదు.

ఒక్క దెబ్బ తగిలింది, అది కూడా చెప్పాలి. సింకు కింది పెట్టె పార్టికల్ బోర్డుతో, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలకతో చేశారు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మూడో ఏడు సింకు పైపు కారి, అడుగు మొత్తం తడిసిన రొట్టెలాగ ఉబ్బింది. కాబట్టి ఎవరైనా చెక్క పని చేయిస్తుంటే ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో మీ కళ్లతో మీరు చూడండి. నీళ్లను తట్టుకునేది అది. ఐఎస్ 303 అని ఉంటే పైన అల్మారాలకు సరిపోతుంది, సింకు కింద వద్దు.

బేతంచెర్ల బండ
అక్కా, దుమ్ము మాట, వంగే మాట రెండూ నిజం. బండ అరల ముందు అల్యూమినియం ఫ్రేము తలుపులు పెడితే దుమ్ము సమస్య తీరుతుంది. లోతు సమస్యకు నా దగ్గర జవాబు లేదు.

అనంత గృహిణి
ఉంది. కింది వరుసలో మధ్య అర బండ ఒక్కటి తీసేసి, రెండు వైపులా నిలువు బండలకు పట్టాలు బిగించి స్టీలు బుట్టలు పెట్టొచ్చు. మా చెల్లెలు నంద్యాలలో అలాగే చేయించింది. నిలువు బండలకు డ్రిల్లు మెల్లగా వేయాలి, హ్యామర్ మోడ్ పెట్టకుండా. లేకపోతే అంచు పగులుతుంది.

వైరింగ్ పని, కర్నూలు
మేడమ్, రాయి సంగతి తర్వాత. మీ పోస్టులో నాకు టెన్షన్ తెప్పించింది ఆ ఒక్క ప్లగ్గు. 1987 ఇల్లంటే గోడ మీద చెక్క పట్టీలు కొట్టి లాగిన వైరింగా? తీగ అల్యూమినియందా, రాగిదా? ఫ్యూజు కట్టా, లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే ఎంసీబీ స్విచ్చా? ఎర్త్ ఉందా?

లెక్క చూడండి. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్లు. మైక్రోవేవ్ 1,200. మిక్సీ 750. మూడూ ఒకేసారి నడిస్తే 3,950 వాట్లు, 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు దాటుతుంది. పాత 5 ఆంపియర్ల ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి ఇది లాగితే తీగ గోడ లోపల కాలుతుంది, మీకు కనబడదు. ఫ్యూజు పోతోందని లావు తీగ కట్టేవాళ్లను చూశాను. ఫ్యూజు పని ముందు తెగిపోవడం. దాన్ని తెగకుండా చేస్తే తెగేది గోడలో తీగ.

వంటింటికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్లు లాగించండి. ఇండక్షన్‌కు ఒకటి, మైక్రోవేవ్‌కు ఒకటి, ఫ్రిజ్‌కు ఒకటి. 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు తగ్గొద్దు. గీజరు కూడా ఉంటే దానికి 4. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు తప్పకుండా పెట్టించండి. తడి చేత్తో గ్రైండరు ముట్టుకున్నప్పుడు ప్రాణం కాపాడేది అదే. సింకు పైన, స్టవ్ వెనక ప్లగ్గులు వద్దు.

మన సీమలో ఇంకో సంగతి ఉంది. ఎర్త్ గుంత పని చేయాలంటే తేమ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నేల పగుళ్లిచ్చినప్పుడు ఎర్త్ పేరుకే ఉంటుంది. ఎండాకాలంలో వారానికోసారి ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి.

కడప కోడలు
అన్నా, మీరు చెప్పినవన్నీ ఉన్నాయి. చెక్క పట్టీలు, పింగాణీ ఫ్యూజులు, అల్యూమినియం తీగ. ఎర్త్ గుంత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ పోస్టు చదివిన వెంటనే ఎక్స్‌టెన్షన్ బాక్సు పీకి లోపల పెట్టేశాను. ప్లగ్గు పిన్ను నల్లబడి ఉంది.

ప్రొద్దుటూరు అక్క
అమ్మాయ్, మీ ఇంట్లో సంగటి ఎవరు గెలుకుతారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి గట్టు ఎత్తు నిర్ణయించు.

మాకు కొత్త వంటిల్లు కట్టినప్పుడు ఇంజినీరు 34 అంగుళాల గట్టు పెట్టినాడు. అన్నం వండుకోవడానికి, తరగడానికి బాగుంది. సంగటి రోజు తెలిసింది. స్టవ్ 5 అంగుళాలు, సంగటి గిన్నె 9 అంగుళాలు. 34కు అవి కలిపితే గిన్నె మూతి 48 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే 4 అడుగులు. మా అమ్మ 4 అడుగుల 10 అంగుళాల మనిషి. గిన్నె మూతి ఆమె భుజానికి వచ్చింది. అన్నం మెత్తగా ఉడికి రాగిపిండి పోసినాక, గెలికే కట్టెతో పైనుంచి బరువేసి తిప్పితే గానీ ఉండలు విడిపోవు. భుజం ఎత్తులో చేతికి బలం ఎక్కడినుంచి వస్తుంది? పాపం ఆరు నెలలు సంగటే చేయలేదు. అడిగితే "ఊరికే, అన్నం చాలులే" అనేది.

ఈ వంటిళ్ల కొలతలు రాసేవాళ్లు దోసె పెనం, కుక్కరు చూసి రాస్తారు. మన ఇళ్లలో సంగటి ఉంది, జొన్న రొట్టె తట్టడం ఉంది. రెండూ పైనుంచి బరువు పడే పనులు. వాటికి తక్కువ ఎత్తు కావాలి.

కడప కోడలు
అక్కా, మీ పోస్టు మా అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె కూడా సరిగ్గా 4 అడుగుల 10 అంగుళాలే. ఇప్పుడు 30 అంగుళాల గట్టు మీద కూడా ఆమె సంగటి గెలకరు. పిండి ఉడికాక గిన్నెను మసిగుడ్డతో దించి, నేల మీద కుదురులో పెట్టి, పీట మీద కూర్చుని గెలుకుతారు. నేను పెళ్లయిన నాటి నుంచి చూస్తున్నాను, అదే పద్ధతి అనుకున్నాను. ఈ రోజు అడిగితే చెప్పారు, గట్టు మీద చేయి అందక అలా చేస్తున్నానని. ఇప్పుడు మోకాళ్లు నొప్పి, కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. గత సంక్రాంతి నుంచి మా ఇంట్లో సంగటి తగ్గిపోయింది. నేను గమనించలేదు.

బెంగళూరులో కడపోడు
దీనికి సులువైన దారి ఉంది కదా. గట్టు చివర 18 అంగుళాల ఎత్తులో చిన్న బండ వేయించి, దాని మీద ఒంటి బర్నరు స్టవ్ పెట్టండి. సంగటి, పెద్ద గిన్నెలు అక్కడ. 18కి 5, 9 కలిపితే 32. అత్తమ్మ నిలబడి హాయిగా గెలుకుతారు.

గ్యాస్ పనిలో పదేళ్లు
ఆగండి తమ్ముడూ. ఇది చేయొద్దు. స్టవ్ ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి. 14.2 కిలోల సిలిండరు రెండు అడుగుల పైచిలుకు ఎత్తు ఉంటుంది. 18 అంగుళాల మీద స్టవ్ పెడితే సిలిండరు కంటే కిందికి వస్తుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్లలాగ పరుచుకుంటుంది. నేలకు దగ్గర్లో మంట ఉంటే అంటుకోవడానికి అదే చోటు.

అందుకే మాడ్యులర్ పేరుతో సిలిండరును గట్టు కింద పెట్టెలో దాచి తలుపు బిగించడం కూడా తప్పే. కొందరు గాలి కోసం తలుపు పైభాగంలో రంధ్రాలు పెడతారు. గ్యాసు కిందనే ఉంటుంది కదా, రంధ్రాలు కింద ఉండాలి. వీలైతే సిలిండరును బయట పెరట్లో, నీడ ఉన్న చోట జాలీ గూట్లో పెట్టి, ఏజెన్సీ మెకానిక్‌తో గోడలోంచి రాగి పైపు వేయించండి. రబ్బరు ట్యూబును గోడలో గానీ టైల్స్ వెనక గానీ దాచొద్దు. దాని మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లకోసారి మార్చాలి. చాలా ఇళ్లలో నేను పదేళ్ల ట్యూబులు చూశాను, వంచితే పగుళ్లు కనబడేవి.

బెంగళూరులో కడపోడు
తెలియక చెప్పాను అన్నా, క్షమించండి. ఇండక్షన్ పెడితే?

ప్రొద్దుటూరు అక్క
సంగటి గిన్నె అల్యూమినియంది నాయనా. ఇండక్షన్ మీద వేడెక్కదు. ఒకవేళ స్టీలు గిన్నె కొన్నా, గాజు పలక మీద పెట్టి అంత బరువేసి గెలికితే గాజు నిలబడదు.

మంట అవసరమే లేదు. వాళ్ల అత్తమ్మ ఇప్పుడు చేస్తున్నది దించి గెలకడమే కదా. నేలకు బదులు 18 అంగుళాల బండ మీదికి దించితే సరి. స్టవ్ పక్కనే ఆనుకుని ఉంటే రెండడుగులు కూడా నడవక్కర లేదు. గిన్నె మూతి 27 అంగుళాల దగ్గర ఉంటుంది, నిలబడి గెలకవచ్చు. దించే పని మాత్రం కోడలు చేయాలి.

కడప కోడలు
దించడం నాది, గెలకడం ఆమెది. ఇది మాకు చాలా నచ్చింది.

తుంగభద్ర ఒడ్డున
చిమ్నీ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎర్రకారం నూనెలో వేసే ఇళ్లు మనవి, అది లేకుండా ఈ పని పూర్తి కాదు.

మేము మొదట డక్టు, అంటే పొగను బయటికి పంపే గొట్టం లేని చిమ్నీ కొన్నాం. కార్బన్ ఫిల్టరు వాసనను కొంత పట్టుకుంటుంది, వేడినీ ఆవిరినీ మళ్లీ గదిలోకే వదులుతుంది. మే నెలలో ఇంకా ఉడికిపోయాం. ఏడాదికి తీసేసి డక్టు ఉన్నది పెట్టించాం. స్టవ్‌కు రెండున్నర అడుగులకు మించిన ఎత్తులో పెడితే పొగ అందదు. 6 అంగుళాల పైపు వెనక గోడలోంచి నేరుగా బయటికి పోవాలి. మా పక్కింట్లో అందం కోసం పైపును సీలింగు మీదుగా మూడు మలుపులు తిప్పారు. మోటారు అరుస్తుంది, పొగ మాత్రం కదలదు. డబ్బా మీద రాసిన చూషణ అంకె ఎంత పెద్దదైనా మలుపులు దాన్ని మింగేస్తాయి.

చిమ్నీ నడిచేటప్పుడు కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. బయటికి పోయే గాలికి బదులు లోపలికి గాలి రావాలి కదా.

కడప కోడలు
మా గట్టు తూర్పు గోడకే ఉంది, వెనక పెరడు. నేరుగా బయటికి తీయొచ్చన్నమాట.

నీళ్ల పైపు
సింకు పక్క చెమ్మ అన్నారు కదా, దాన్ని తేల్చకుండా కొత్త టైల్స్ వేయొద్దు. 1987 పైపులంటే జీఐ, అంటే జింకు పూత ఇనుప పైపులు అయ్యుంటాయి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బయట తుప్పు, లోపల తెల్ల పొర పేరుకుని పైపు సందు పెన్సిలంత అయిపోతుంది. మొత్తం తీసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించండి. వాడిన నీళ్లు పోయే పైపుకు మూడు అడుగులకు ఒక అంగుళం వాలు ఉండాలి.

గట్టు ఎత్తు గురించి నా వంతు మాట. గిన్నెలు తోమేటప్పుడు మీ చేతులు గట్టు మీద ఉండవు, సింకు అడుగున ఉంటాయి. 30 అంగుళాల గట్టులో 8 అంగుళాల సింకు ఉంటే మీరు 22 అంగుళాల దగ్గర పని చేస్తున్నట్టు. నడుము అక్కడే పోతోంది. కాబట్టి పెంచాల్సింది సింకు వైపు. స్టవ్ వైపు 30 ఉన్నా నష్టం లేదు, స్టవ్ ఎత్తు కలిసి 35 అవుతుంది.

సింకు తుప్పు సులువుగా పట్టని 304 రకం స్టీలుది తీసుకోండి. నల్ల సింకులు షోరూములో మెరుస్తాయి, మన నీళ్లకు వారంలో తెల్ల చారలు పడతాయి. కొళాయి మూతి జల్లెడను నెలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెడితే సున్నం కరుగుతుంది. ఆ గిన్నెను బండ మీద పెట్టొద్దు, పైన బేతంచెర్ల అన్న చెప్పింది గుర్తుందిగా.

కడప కోడలు
అందరి మాటలూ కాగితం మీద రాసుకుని, నిన్న రాత్రి ముగ్గురం కూర్చున్నాం. ఇలా అనుకున్నాం. 11 అడుగుల గట్టును మూడు ఎత్తులు చేస్తాం. ఉత్తరం వైపు 5 అడుగులు సింకు, తరిగే చోటు. అక్కడ పాత పైబండ తీసి 34 అంగుళాలకు పెంచి గ్రానైట్ వేస్తాం. మధ్యలో స్టవ్ ఉన్న మూడున్నర అడుగులు పాత బండ, పాత ఎత్తు, ముట్టుకోం. దక్షిణం చివర రెండున్నర అడుగులు 18 అంగుళాలకు దించుతాం. అరల బండలు అలాగే ఉంటాయి, ముందు తలుపులు వస్తాయి. కింద ఒకచోట బుట్టలు. సిలిండరు పెరట్లోకి.

మొదటి డబ్బు కరెంటుకూ నీళ్లకూ. మిగిలినదాంట్లో మిగతావి. అత్తమ్మ అడిగింది ఒక్కటే, వండేటప్పుడు ముఖం తూర్పుకే ఉండాలని. అది ఎలాగూ ఉంటుంది.

అనంత గృహిణి
వరండాలో తాత్కాలిక వంటకు ఏర్పాటు ముందే చేసుకో తల్లీ. మేస్త్రి పది రోజులంటే మూడు వారాలనుకో. పని మొదలైన రోజే హాలు తలుపుకు తడి గోనెపట్ట వేలాడదీయి, రాతి దుమ్ము దుప్పట్ల దాకా వస్తుంది.

కడప కోడలు
పని మొదలై తొమ్మిదో రోజు. రెండు జరిగాయి.

మొదటిది, సింకు వెనక గోడ చెక్కితే లోపల జీఐ పైపుకు సూది మొనంత రంధ్రం. ఎన్నేళ్లుగా కారుతోందో, ఇటుకల మధ్య సిమెంటు చేత్తో నలిపితే పొడి అయింది. గోడ ఆరడానికి వారం ఆగమన్నారు. ఆ మొదటి కొటేషన్ ప్రకారం దాని ముందు చెక్క పెట్టెలు బిగించేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయం వేస్తోంది.

రెండోది చెప్పడానికి కష్టంగా ఉంది. సింకు వైపు పైబండను విడదీసేటప్పుడు అతుకు కోయకుండా కిందినుంచి సుత్తితో కొట్టారు. మామయ్య వేయించిన 5 అడుగుల బండ రెండు ముక్కలైంది. ఆ చప్పుడుకు అత్తమ్మ వరండాలోంచి లేచి వచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. పెద్ద ముక్క మీద చేయి పెట్టి కాసేపు నిలబడి వెళ్లిపోయారు. నేను ఆ పూట వంట చేయలేకపోయాను.

బేతంచెర్ల బండ
అమ్మా, పెద్ద ముక్క ఎంత ఉంది? కొలిచి చెప్పండి. పారేయనివ్వొద్దు.

కడప కోడలు
పొడవు 34 అంగుళాలు ఉంది అన్నా. వెడల్పు 24.

బేతంచెర్ల బండ
మీ సంగటి గట్టుకు కావాల్సింది రెండున్నర అడుగులు, అంటే 30 అంగుళాలు. విరిగిన వైపు 4 అంగుళాలు కట్టరుతో నిటారుగా కోయించండి, సరిగ్గా సరిపోతుంది. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయాలి, లేకపోతే అంచు పెచ్చులు రాలుతుంది. పులుపు మచ్చలున్న వైపు కిందికి తిప్పి వేయొచ్చు, అడుగు వైపు గరుకుగా ఉంటే గిన్నె జారదు కూడా. ముందంచు మాత్రం గుండ్రంగా రుద్దించండి, మోకాలు తగిలే ఎత్తు అది.

ప్రొద్దుటూరు అక్క
గట్టు కింద మూసేయొద్దు. కాలి మునివేళ్లు లోపలికి పోయేంత ఖాళీ ఉంటే దగ్గరగా నిలబడి బరువు వేయొచ్చు.

కడప కోడలు
ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. పని అయిపోయి పదిహేను రోజులు దాటింది. లెక్క అడిగినవాళ్ల కోసం: గోడ పని, టైల్స్ 78 వేలు. వైరింగ్ 46 వేలు. పైపులు, సింకు, కొళాయిలు 38 వేలు. గ్రానైట్ 24 వేలు. తలుపులు, బుట్టలు 72 వేలు. చిమ్నీ 19 వేలు. రంగు, లైట్లు 13 వేలు. మొత్తం 2 లక్షల 90 వేలు. మిగిలిన డబ్బుతో హాల్లో వైరింగ్ కూడా మార్పిస్తున్నాం, ఆ నల్లబడిన పిన్ను చూశాక మిగతా గదుల్లో నిద్ర పట్టలేదు.

లైట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పాత ట్యూబులైటు నా వీపు వెనక ఉండేది, తరిగేటప్పుడు కత్తి మీద నా నీడే పడేది. ఇప్పుడు పై అర అంచు కింద ఎల్ఈడీ పట్టీ పెట్టించాం. రాళ్లున్నాయేమోనని కందిపప్పు పట్టుకుని వాకిట్లోకి పోవడం మానేశాను.

నడుంనొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. గిన్నెలు తోమాక కూర్చోవాల్సిన అవసరం మాత్రం రావడం లేదు.

మొన్న ఆదివారం సంగటి, నాటుకోడి పులుసు. నేను గిన్నె దించి కొత్త గట్టు మీద కుదురులో పెట్టాను. అత్తమ్మ నిలబడే గెలికారు. మధ్యలో ఒకసారి ఆగి బండను తట్టారు. ఖంగుమంది. "ఇది మంచిదేలే" అన్నారు, మళ్లీ గెలకడం మొదలుపెట్టారు.

ప్రొద్దుటూరు అక్క
కుదురు గుడ్డదా, ఇనుపదా? గుడ్డదైతే గెలికేటప్పుడు గిన్నె తిరుగుతుంది.

కడప కోడలు
పాత చీర చుట్టిందే అక్కా. అవును, తిరుగుతోంది. నేను రెండు చేతులతో గిన్నె పట్టుకున్నాను.

ప్రొద్దుటూరు అక్క
కమ్మరి దగ్గర 8 అంగుళాల ఇనుప కడియం చేయించి, కింద మూడు చోట్ల రబ్బరు ముక్కలు అతికించమను. మా అమ్మకు అదే చేయించాను. ఫోటో రేపు పెడతాను.